దొరగారి ఒంటెలు ఆగిన రోజు

ఢిల్లీ మయూర్ విహార్‌లో మా సొసైటీ తెలుగు కుటుంబాలన్నీ ఏడాదికి రెండు మూడు సార్లు ఏదో ఒక పార్కులో కలిసేవి. పులిహోర అయిపోయి పెరుగన్నం ఇంకా రాని ఆ మధ్య సమయంలో ఎవరో ఒకరు "అంకుల్, ఆ ఒంటెల కథ చెప్పండి" అనేవారు. నేను బెట్టు చేసేవాణ్ణి. రెండోసారి అడిగినా నవ్వి ఊరుకునేవాణ్ణి. మూడోసారి అడగరేమోనని భయం వేసి మొదలుపెట్టేసేవాణ్ణి. మా ఆవిడ అప్పటికే చాప మీంచి లేచి అవతలి చెట్టు కిందికి వెళ్ళిపోయేది. ఆవిడకి ఆ కథ నాకన్నా బాగా వచ్చు.

కథ ఇదీ. తెల్లదొరల కాలంలో ఎడారిలో రెండు సంస్థానాలు. మధ్యలో ఇసుక. ఆ ఇసుక నాదంటే నాదని ఇద్దరు మహారాజుల తగువు. తీర్చడానికి ప్రభుత్వం ఒక పెద్దదొరను నియమించింది. ఆయన రైలు ఆగే చోట డేరాలు వేయించి, రెండు సంస్థానాల వకీళ్ళనూ పిలిపించి, మూడు చలికాలాల పాటు చర్చలు జరిపాడు. మొదటి చలికాలమంతా ఎవరి కుర్చీ ఎత్తు ఎంత ఉండాలన్న దాని మీద గడిచింది. రెండోది తివాచీ మీదికి బూట్లతో రావచ్చా, విప్పి రావాలా అన్న దాని మీద. ఇసుక సంగతి మూడో చలికాలానికి గానీ రాలేదు. అప్పటికీ ఆ ఇసుకను చూసినవాడు ఆ డేరాలో ఒక్కడు లేడు. సరే, చూసి రమ్మని ఒక చిన్నదొరను పంపారు. వంటవాడు, మడత మంచం, బల్ల, సామాను మోసే ఒంటెలు, అన్నీ వెంట పెట్టుకుని ఆయన బయల్దేరాడు.

దారిలో ఒకే ఒక్క బావి. ఒంటెల్ని తొట్టి దగ్గరికి తోలితే ఒక ముసలావిడ కర్ర అడ్డం పెట్టింది. ముందు మా మేకలు తాగాలంది. దొర కళ్ళెర్రజేశాడు. గాలికి ఆయన టోపీ ఎగిరి బావిలో పడింది. మేకలు తాగాయి, ఆవులు తాగాయి, పొద్దు వాలింది, అప్పుడు గానీ దొరగారి ఒంటెలకు నీళ్ళు దొరకలేదు. దాంతో ఆయన చర్చలకు ఒక రోజు ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యం మా ప్రభువులకు అవమానమని ఒక వకీలు లేచి వెళ్ళిపోయాడు. దొరలు సంజాయిషీ రాశారు, వకీలు దానికి జవాబు రాశాడు, జవాబుకు జవాబు. చివర్లో నేను గొంతు పెంచి, "అంతటి సామ్రాజ్యమూ ఆ పూట మేకల వెనకాల క్యూలో నిలబడింది" అనేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. నేనూ ఆ మాటకి ప్రతిసారీ నవ్వేవాణ్ణి, ఏం చెప్పను, నా మాటకి నాకే అంత ముచ్చట.

ఈ కథ నాకెలా వచ్చిందంటే, నేను పనిచేసిందే అలాంటి చోట. కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఒకదాని రికార్డు గదిలో నా సర్వీసంతా గడిచింది. పాత కట్టలు విప్పి, ఏవి ఉంచాలో ఏవి పారేయాలో తేల్చడం నా పని. ఆ ఎడారి చర్చల కట్ట కూడా అలాగే నా బల్ల మీదికి వచ్చింది. మాకొక పద్ధతి ఉండేది. ఒప్పందం, మ్యాపు, ప్రభుత్వ తీర్మానం అయితే ఉంచు. మర్యాదలు, సంజాయిషీలు, కృతజ్ఞతలు, క్షమాపణలు అయితే "రొటీన్" అని రాసి సంతకం పెట్టు. రొటీన్ అని రాసిన కాగితాలు ఒక గడువు చూసి ముక్కలు చేసే మిషనుకి వెళ్ళేవి. నేను ఆ కట్టలోని ఉత్తరాలన్నీ చదివాను, పడీ పడీ నవ్వాను, లంచ్‌లో పక్క సీటు పంజాబీ ఆయనకి చెప్పి నవ్వించాను. తర్వాత రిజిస్టరులో ఆ ఉత్తరాల ఎదురుగా రొటీన్ అని రాశాను. చర్చలు ఏం తేల్చాయో చెప్పే ఆఖరి కాగితం మాత్రం జాగ్రత్తగా ఉంచాను. అందులో ఒక వాక్యం ఉంది: వివాదంలో ఉన్న ప్రాంతంలో జనావాసం లేదు. కాబట్టి గీత ఎటు గీసినా ఎవరికీ నష్టం లేదు. పెన్సిలుతో గీసేశారు.

ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ అలమరాలు ఖాళీ చేసినందుకు నాకు మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చారు. ఫ్రేము కట్టించుకున్నాను.

రిటైరయిన రెండో చలికాలంలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నా తర్వాత ఆ సీట్లో కూర్చున్న కుర్రాడు. "సర్, మీ సంతకం ఉన్న ఒక ఎంట్రీ గురించి ఎవరో అడుగుతున్నారు, ఒక లాయర్ మేడం, ఒక తాత. మీ నంబరు ఇవ్వమంటారా?" అన్నాడు. రిటైరయినవాడికి ఎవరైనా వెతుక్కుంటూ వస్తున్నారంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. నంబరేం ఖర్మ, ఇంటికే పంపించెయ్యమన్నాను.

మర్నాడు వాళ్ళిద్దరూ మెట్రో దిగి వచ్చారు. అమ్మాయి చిన్నది, ఊళ్ళ వాళ్ళ తరఫున ఫీజు లేకుండా వాదిస్తుందట. పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. భుజం మీద ఉన్ని శాలువా, తలకు ఎర్ర పాగా, గుమ్మం బయట విప్పిన తోలు చెప్పుల ముక్కులు పైకి తిరిగి ఉన్నాయి. జనక్‌పురిలో ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా ఉన్న మేనల్లుడి గదిలో దిగాడట. సోఫాలో కూర్చోమంటే అంచున కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ ఇస్తే గ్లాసును రెండు చేతులా పట్టుకుని, ఇదేం మందో అన్నట్టు మెల్లగా తాగాడు.

విషయం అమ్మాయి చెప్పింది. ఆ పెద్దాయనది సరిగ్గా ఆ గీత పక్క ఊరు. ఊరికీ గీతకీ మధ్య మేత భూమి ఉంది, మధ్యలో బావి ఉంది. ఇప్పుడు ఆ భూమంతా సోలార్ పలకలు పెట్టడానికి ఒక కంపెనీకి ఇస్తున్నారు. రెవెన్యూ కాగితాల్లో అది ఎవరూ వాడని బంజరు. ఎందుకు బంజరు అంటే, ఆ పాత చర్చల కాగితంలో జనావాసం లేదని ఉంది కనక. నేను జాగ్రత్త చేసిన కాగితమే. భూమి రెండు రాష్ట్రాల సరిహద్దు మీద పడడంతో విచారణ ఢిల్లీలో పెట్టారు. అక్కడ ఆ రోజుల్లోనే మనుషులున్నారనీ, బావి వాడారనీ ఒక్క పాత కాగితం చూపిస్తే మేత భూమి, బావి ఊరికి మిగులుతాయి. లేకపోతే చుట్టూ కంచె పడుతుంది. మా రిజిస్టరులో "చిన్నదొర ఆలస్యంపై ఉత్తరాలు" అన్న ఎంట్రీ చూసి, అందులో ఏదైనా ఉంటుందేమోనని వచ్చారు.

నేను వెంటనే ఉత్సాహంగా కథ ఎత్తుకున్నాను. అసలు నాకు ఆలోచించే వ్యవధి ఏది? అడక్క అడక్క అడిగారు కదా. హిందీలో, కుర్చీల దగ్గర్నుంచి మేకల క్యూ దాకా, టోపీతో సహా చెప్పాను. అమ్మాయి రెండు చోట్ల నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. అయ్యేదాకా నా మొహమే చూస్తూ కూర్చుని, చివర్న ఒకే మాట అడిగాడు.

"ఇదంతా రాసి ఉందా సాబ్?"

ఉండేదన్నాను. ఇప్పుడెక్కడుందని అడిగాడు. అప్పుడు, నిజం చెప్తున్నాను, అప్పుడు గానీ నాకు బుర్రలో వెలగలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. ఆవిడకి నాకన్నా ముందే అర్థమైపోయింది. చివరికి చెప్పాను, వాటిని పారేయమని సంతకం పెట్టింది నేనేనని. నాకు తల కొట్టేసినట్టయింది. అతను కోప్పడితే బాగుండును. గ్లాసు జాగ్రత్తగా టీపాయ్ మీద పెట్టి, "రోజూ చాలా కాగితాలు వస్తాయి కదా సాబ్ మీకు" అన్నాడు.

నాలుగు రోజులు ఢిల్లీలో ఉన్న పాత రికార్డుల చోట్లన్నీ తిరిగాను. దొరల రాజ్యంలో ప్రతి కాగితానికీ నాలుగైదు నకళ్ళు ఉంటాయని నా ధీమా. ఒప్పందం నకళ్ళు నాలుగు చోట్ల కనిపించాయి. ఆలస్యం ఉత్తరాలు ఎక్కడా లేవు. అంటే మిగిలినవాళ్ళు కూడా నాలాంటివాళ్ళే. అందరూ బుద్ధిగా రొటీన్ అనే రాసి ఉంటారు.

అప్పుడు ఆ అమ్మాయే దారి చెప్పింది. కాగితం పోయినా, దాన్ని కళ్ళారా చదివిన మనిషి వచ్చి ప్రమాణం చేసి అందులో ఏముందో చెబితే వింటారట. చదివిన మనిషిని ప్రపంచంలో నేనొక్కణ్ణే. పంజాబీ ఆయన నా నోటివెంట విన్నవాడే గానీ చదవలేదు, పైగా ఆయన పోయి మూడేళ్ళయింది. వస్తానన్నాను. నిజానికి గర్వంగానే ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళూ పెరుగన్నం ముందు చెప్పిన కథని ఇప్పుడు ఒక అధికారి ముందు చెబుతాను, ఒక ఊరు నిలబడుతుంది, తప్పు దిద్దుకున్నట్టూ ఉంటుంది. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

విచారణ ముందు రోజు సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేయించి తెచ్చి, మా ఆవిడ మంచం మీద పెట్టింది. "ఒక మాట చెప్తాను, కోప్పడకండి. మీరు మొదట్లో చెప్పినప్పుడు ఆ కథలో టోపీ లేదు" అంది.

లేకపోవడమేమిటన్నాను.

"లేదండీ. టోపీ మన అమ్మాయి పెళ్ళి కుదిరిన ఏడాది వచ్చింది. కర్ర దానికి ముందు. రేపు అక్కడ మాత్రం మసాలా వెయ్యకండి."

రోషం వచ్చింది. కానీ కూర్చుని ఆలోచించాను. టోపీ నాదే. బావిలో పడ్డప్పుడు అందరూ బాగా నవ్వుతారని పెట్టాను. కర్ర కూడా నాదే అయి ఉండాలి. ముసలావిడ? అసలు ఉత్తరంలో ఆడమనిషని ఉందా, బావి దగ్గరివాళ్ళు అని ఉందా? కాగితం రంగు గుర్తుంది. గుండ్రటి చేతిరాత గుర్తుంది. ఒక మూల టీ మరక గుర్తుంది, అది నేను చేసిందే. కానీ రాతలో ఏముందో గుర్తు తెచ్చుకోబోతే నా గొంతే నాకు వినిపిస్తోంది, పార్కులో, చప్పట్లతో సహా.

విచారణ గది ఆరో అంతస్తులో ఉంది. ఎడారి సంగతి తేల్చడానికి కూర్చున్న ఆ గదిలో అందరికీ మినరల్ వాటర్ సీసాలు పెట్టారు. విచారణాధికారి నెమ్మదైన మనిషి, కళ్ళజోడు, ఏ మాటకైనా "అచ్ఛా" అని తలూపుతాడు. పెద్దాయన వెనక వరసలో కూర్చున్నాడు, ఒళ్ళో పాగా పెట్టుకుని. నాచేత ప్రమాణం చేయించారు. ఊరి తరఫు అమ్మాయి అడిగినప్పుడు బాగానే చెప్పాను. కర్ర వదిలేశాను, టోపీ వదిలేశాను. చిన్నదొర బావి దగ్గర ఆగాడు, అక్కడివాళ్ళు ముందు తమ పశువుల్ని తాగనిచ్చి తర్వాత ఒంటెల్ని రానిచ్చారు, అందుకే ఆలస్యమని ఉత్తరంలో ఉంది, అన్నాను. అధికారి రాసుకున్నాడు. నేను వెనక్కి చూస్తే పెద్దాయన తల కొద్దిగా ఊపాడు.

తర్వాత కంపెనీ లాయరు లేచాడు. అరిచే రకం కాదు. నన్ను సర్ అని పిలుస్తూ చేతిలో ఒక ప్రింటు పట్టుకొచ్చాడు. చూస్తే తెలుగు అక్షరాలు, పక్కన ఇంగ్లీషు అనువాదం. మా తెలుగు సంఘం సావనీరులో నేను రాసిన హాస్య వ్యాసం. ఆ సావనీరు నెట్‌లో పెట్టమని గొడవ చేసిందీ నేనే, నలుగురూ చదువుతారని. చదివారు మరి.

ఇందులో టోపీ బావిలో పడిందని రాశారు, ఇది ఉత్తరంలో ఉందా అని అడిగాడు. లేదన్నాను. కర్ర ఉందా? లేదు. ముసలావిడ దొరను తిట్టిన తిట్లు రాశారు, అవి? లేవు, అవి మా గోదావరి తిట్లు. అధికారి కళ్ళజోడు సర్దుకుని మొదటిసారి నా మొహం పరీక్షగా చూశాడు. మరి ముసలావిడ ఉందా? ఉందనుకుంటాను అన్నాను. అనుకోవడం కాదు సర్, ప్రమాణం చేశారు, ఖచ్చితంగా చెప్పండి అన్నాడు. చెప్పలేనన్నాను.

"సరే సర్. మేకలు ఉన్నాయా? ముందు మేకలు, తర్వాత ఆవులు, చివర ఒంటెలు అని రాశారు. ఇది ఉత్తరంలోదా, మీరు కల్పించిందా?"

ఉత్తరంలోదే అని నోటి దాకా వచ్చింది. ఒక్క మాట, అంతే, చెప్పేస్తే అయిపోయేది. కానీ టోపీ నాదని ఒప్పుకున్నాక, కర్ర నాదని ఒప్పుకున్నాక, మేకలు మాత్రం నావి కావని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందరూ గట్టిగా నవ్వే చోటు అదే కదా. బాగా నవ్వించేవన్నీ నేను పెట్టినవే అయినప్పుడు ఇదీ నాదే అయి ఉంటుంది. ఎవరూ అడక్కపోయినా ఇరవై ఏళ్ళు అబద్ధాలాడిన నోరు, కావలసిన ఒక్క పూట మహా సత్యసంధమై కూర్చుంది.

"ఖచ్చితంగా చెప్పలేను" అన్నాను.

అయితే ఖచ్చితంగా చెప్పగలిగిందేమిటి అన్నాడు. దొరగారి ఒంటెలు ఒక బావి దగ్గర ఒక రోజు ఆగాయి, అన్నాను. ఎవరు ఆపారు? తెలియదు. "థాంక్యూ సర్" అని కూర్చున్నాడు. టైపు చేసిన కాగితాలు తెచ్చి పెడితే పేజీ పేజీకీ సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ బాగుంటుంది.

బయట వరండాలో కిటికీ పక్క బెంచీ మీద కూలబడ్డాను. అమ్మాయి లోపల ఇంకేదో వాదిస్తోంది. పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేనే ఉండబట్టలేక, క్షమించు బాబా, నాకు గుర్తు రాలేదు అన్నాను. అతను పాగా మళ్ళీ చుట్టుకుంటూ, నిందగా కాదు, అర్థం కాక అడుగుతున్నట్టు అన్నాడు.

"మిగతావి సరే సాబ్. మేకల్ని ఎందుకు వదిలేశారు? మేకలే కదా ముందు తాగేది."

నేనేదో సర్దిచెప్పబోయాను, ఆ ముసలావిడ దొర మీద పంతానికి అలా చేసిందని నేనే పెట్టి ఉంటానని. అతను నా వైపు వింతగా చూశాడు. పంతమేమిటి సాబ్ అన్నాడు. వాళ్ళ బావి దగ్గర ఎప్పుడూ అంతేనట. ముందు మేకలు, గొర్రెలు, వాటి పిల్లలు ఎక్కువసేపు ఓర్చుకోలేవు. తర్వాత ఆవులు. ఒంటెలు ఆఖరున, ఎందుకంటే అవి రోజుల తరబడి ఆగగలవు, పైగా ఒక ఒంటె మూతి పెడితే తొట్టి ఖాళీ అయిపోతుంది, మళ్ళీ తోడి నింపేదాకా మిగతావి అరుస్తూ నిలబడాలి. మహారాజు ఒంటె వచ్చినా, పోలీసు ఒంటె వచ్చినా అదే వరస. వాళ్ళ తాతకి వాళ్ళ తాత చెప్పింది. దొరని ఎవరూ ఏమీ అనలేదు సాబ్, వంతు రాలేదు అంతే, అన్నాడు.

నేను పుట్టింది గోదావరి కాలవ గట్టు మీద. మా ఊళ్ళో గేదెలు, ఎడ్లు, పిల్లకాయలు అందరం ఒకేసారి నీళ్ళలో పడేవాళ్ళం. పశువులకి నీళ్ళ దగ్గర వంతులుంటాయని, అందులో చిన్నవి ముందనీ ఒంటె చివరనీ ఈ వయసు దాకా నాకు తెలియదు. తెలియనిదాన్ని ఎలా కల్పిస్తాను? నేను కల్పిస్తే ఆవిడ కర్ర చూపించి పొమ్మనేది, అంతే. ఆ వరస నాది కాదు. ఆ వరస కాగితంలోంచి వచ్చింది. మేకలు, ఆవులు, ఒంటెలు, అలాగే రాసి ఉంది, నేను చదివాను, నూటికి నూరు పాళ్ళూ చదివాను.

లేచి ఒక్క ఉదుటున గదిలోకి వెళ్ళాను. అధికారి కాగితాలు సర్దుకుంటున్నాడు. సర్, గుర్తొచ్చింది, మేకల మాట ఉత్తరంలోదే, ఎలా చెప్పగలనో కూడా చెబుతాను, అన్నాను. కంపెనీ లాయరు చిన్నగా నవ్వి తల దించుకున్నాడు. అధికారి మర్యాదగానే చెప్పాడు. సాక్ష్యం ముగిసింది, సంతకాలైపోయాయి. అదైనా పక్కన పెట్టి ఆలోచించేవాణ్ణి. కానీ మీరు ఇంతసేపూ బయట దరఖాస్తుదారుతో కూర్చుని మాట్లాడడం కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. అతను మీకు ఏం చెప్పాడో, మీకు నిజంగా ఏం గుర్తొచ్చిందో ఇప్పుడు నేనెలా విడదీయను, అన్నాడు. నిజానికి అతను చెబితేనే కదా నాకు తెలిసింది.

తిరిగి వచ్చేసరికి అతను బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆశగా చూశాడు. జరిగింది చెప్పాను. "నేను చెప్పి తప్పు చేశానా సాబ్?" అన్నాడు.

మా ఇంటి సోఫా అంచున అతను గంటన్నర కూర్చున్నాడు. గంటన్నరా నేనే మాట్లాడాను. నీ బావి దగ్గర పద్ధతేమిటి బాబా అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవాడు, ఆ రోజే నాకు తెలిసిపోయేది. డేరాలో మూడు చలికాలాలు కూర్చున్నవాళ్ళ మీద జోకులేసి బతికినవాణ్ణి, నాకూ అడగాలని తోచలేదు. తప్పు నాదే బాబా అన్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, మెట్రో మెట్ల దాకా నాతోనే వచ్చాడు. పెద్దవాణ్ణి జాగ్రత్తగా దిగబెడుతున్నట్టు నన్ను దిగబెట్టాడు. నాకన్నా అతను ఎనిమిదేళ్ళు పెద్ద.

ఉత్తర్వు ఎండాకాలం మొదట్లో వచ్చింది. అమ్మాయి నాకు పంపి, పై కోర్టుకి వెళ్తున్నామని కింద రాసింది. అందులో నా సాక్ష్యం గురించి ఒక పేరా ఉంది. ఆ ప్రదేశంలో ఒక బావి ఉన్నట్టు రుజువైందట. దాన్ని మనుషులెవరైనా వాడుతున్నట్టు మాత్రం రుజువు కాలేదట. ఎడారి మధ్యలో ఆ బావి తనంతట తానే తవ్వుకుని కూర్చుందన్నమాట. కాబట్టి భూమి బంజరే, కంచె వేసుకోవచ్చు.

పెద్దాయనకి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. అమ్మాయి చెప్తానంది గానీ, వద్దు, నేనే చెబుతానన్నాను. పొద్దున్నే ఫోను చేశాను. గాలి హోరు, దూరంగా ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేకలు. ఆ పేరాను హిందీలోకి మార్చి, నెమ్మదిగా, ఏమీ వదలకుండా చదివాను. అతను మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. ఎవరైనా వాడుతున్నట్టు రుజువు కాలేదు అన్న చోట ఆపి, అంటే ఇప్పుడా అప్పుడా అని అడిగాడు. అప్పుడూ ఇప్పుడూ కూడా అన్నాను.

"సాబ్, నేనిప్పుడు దాని గట్టు మీదే కూర్చుని ఉన్నాను" అన్నాడు. "ఈ మాట రాసి వాళ్ళకి పంపొచ్చా?"

పంపొచ్చన్నాను. అతను చెప్పింది చెప్పినట్టే, ఒక్క ముక్క కలపకుండా, ఆ పూటే రాసి అమ్మాయికి పంపాను.